పిల్లిని పంపించేసే ముందు



ఈ నెల 10న జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం. 2015లో మొదలైన ఈ కార్యక్రమం కింద 1 నుంచి 19 ఏళ్ల వయసు వారందరికీ అల్బెండజోల్ మాత్ర ఇస్తారు. మన బడిలోనూ ఇస్తున్నాం. సర్క్యులర్ ఇప్పటికే పిల్లల డైరీల్లో అతికించి పంపాం. సర్క్యులర్ వెళ్లిన ప్రతిసారీ క్లాస్ వాట్సాప్ గ్రూపులో నాకు ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "మేడమ్, మా ఇంట్లో పిల్లి ఉంది. బాబుకి నులిపురుగులు దానివల్లే వచ్చాయంటారా?"

నేను 6, 7 తరగతులకు సైన్స్ చెబుతాను. మా ఇంట్లో ఒకటి కాదు, 4 పిల్లులున్నాయి. వాటి పురుగులతో ఈ ఏడాది బాగానే కుస్తీ పట్టాం. అందుకని ఈసారి గ్రూపులో రెండు ముక్కల్లో కాకుండా ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ ప్రశ్నకు జవాబు. రాత్రిపూట మలద్వారం దగ్గర దురద పెట్టే సన్నటి తెల్లటి పురుగులు మనుషుల పురుగులు. అవి ఒక మనిషి నుంచి మరో మనిషికే అంటుకుంటాయి. వాటికి పిల్లితో సంబంధం లేదు. పిల్లి కడుపులో పెరిగే పురుగులు వేరు. వాటిలో కొన్ని మనకు హాని చేయగలవు, కానీ అవి వచ్చే దారి వేరు, ఆపే పద్ధతి వేరు. ఈ రెండింటినీ కలిపేస్తే పిల్లాడి దురదా తగ్గదు, పిల్లి పురుగులూ పోవు.

ఇక మా ఇంటి సంగతి. మాది రాజమండ్రిలో పెరడున్న పాత డాబా ఇల్లు. బియ్యం బస్తాల దగ్గర ఎలుకలు చేరడంతో, పోయిన డిసెంబరులో ఓ ఆడపిల్లి స్టోర్ రూములోకి వచ్చి 3 పిల్లల్ని పెడితే మా నాన్నగారు చూసీచూడనట్టు ఊరుకున్నారు. తల్లికి అమ్మలు అని, పిల్లలకు జున్ను, సున్నుండ, మిర్చి అని పేర్లు పెట్టాం. సంక్రాంతి వచ్చేసరికి పిల్లల పొట్టలు కుండల్లా ఉబ్బాయి. "పాలు బాగా పడుతున్నాయి, బొద్దుగా తయారయ్యాయి" అని మా అమ్మ మురిసిపోయింది. కానీ వీపు మీద చెయ్యి వేస్తే వెన్నెముక గుచ్చుకునేది. బొచ్చుకు మెరుపు లేదు. ఓ రోజు పొద్దున్నే సున్నుండ వాంతి చేసుకుంది. అందులో ఉడికించిన సేమ్యాలాంటివి రెండు మెలికలు తిరుగుతూ కనిపించాయి.

అట్టపెట్టెలో నాలుగింటినీ పెట్టుకుని ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్లాను. అవి పిల్లుల్లో వచ్చే ఏలికపాములని డాక్టరుగారు చెప్పారు. ఇంకా కళ్లు సరిగా తెరవని పిల్లలకు ఇవి ఎలా వస్తాయని మీకు అనుమానం రావచ్చు. తల్లి ఒంట్లో దాగి ఉన్న లార్వాలు పాల ద్వారా పిల్లల్లోకి వెళతాయి. అందుకే పిల్లి పిల్లలకు 3 వారాల వయసు నుంచే మందు మొదలుపెట్టి, పాలు మానేదాకా 2 వారాలకోసారి వెయ్యాలి. ఆ తర్వాత 6 నెలల వయసు దాకా నెలకోసారి. పెద్దయ్యాక, బయట తిరిగే పిల్లికైతే కనీసం 3 నెలలకోసారి. ఒక్కసారి వేస్తే ఎందుకు సరిపోదంటే, మందు పేగుల్లో ఉన్న పురుగుల్నే చంపుతుంది. ఒంట్లో ఇంకా ప్రయాణంలో ఉన్న లార్వాలు తర్వాత పేగుల్లోకి దిగి పెద్దవవుతాయి. వాటి కోసమే రెండో విడత, మూడో విడత.

డాక్టరుగారు రాసింది పైరాంటెల్ అనే మందు. ఏలికపాములకు, కొంకి పురుగులకు పనిచేస్తుంది. చెప్పిన లెక్క ప్రకారం వేస్తూ వచ్చాం. మార్చికల్లా పొట్టలు లోపలికి పోయి, పిల్లలు పెరట్లో జామచెట్టు ఎక్కడం మొదలుపెట్టాయి.

వేసవి సెలవులకు మా అక్క, దాని 5 ఏళ్ల కూతురు వచ్చారు. పాప పొద్దస్తమానం పిల్లులతోనే. వారం తిరక్కుండానే రెండు సంగతులు ఒకేసారి బయటపడ్డాయి. పాప రాత్రిళ్లు నిద్రపోకుండా దురద అని ఏడవడం మొదలుపెట్టింది. అదే వారంలో జున్ను పడుకునే దుప్పటి మీద ఎండిన బియ్యపు గింజల్లాంటివి కనిపించాయి. ఒకటి రెండు ఇంకా కదులుతున్నాయి.

మా మామ్మ వేపాకు, వెల్లుల్లి నూరి అందరికీ పట్టించమంది, పిల్లులతో సహా. నాన్నగారు అంతదాకా ఆగలేదు. "పిల్లుల్నీ వద్దు, పురుగుల్నీ వద్దు. గోనెసంచిలో వేసి రేపు రైల్వే గేటు అవతల వదిలేసి వస్తాను" అన్నారు. అక్క కూడా కాదనలేదు. కన్నబిడ్డ రాత్రంతా ఏడుస్తుంటే ఏ తల్లయినా అలాగే ఆలోచిస్తుంది. పాప మాత్రం గుమ్మంలో నిలబడి, "నాకు దురద లేదు తాతయ్యా, తగ్గిపోయింది" అంది. పిల్లుల కోసం అబద్ధం చెబుతోందని అందరికీ అర్థమైంది.

"2 వారాలు ఆగండి నాన్నగారూ. పాపని పిల్లల డాక్టరుకి చూపిద్దాం, పిల్లుల్ని పశువుల డాక్టరుకి చూపిద్దాం. ఇద్దరూ ఏం చెబుతారో విని అప్పుడు మీ ఇష్టం" అన్నాను. ఆయన సంచి మడిచి అటక మీద పెట్టారు. పారేయలేదు.

పిల్లల డాక్టరుగారు పరీక్ష చేసి, ఇవి నులిపురుగులేనన్నారు. సెంటీమీటరు పొడవున తెల్లటి దారపు ముక్కల్లా ఉంటాయి. ఆడపురుగు రాత్రిపూట బయటికి వచ్చి మలద్వారం చుట్టూ గుడ్లు పెడుతుంది, దురద అందుకే. బిడ్డ గోక్కుంటే గుడ్లు గోళ్లలో చేరతాయి. అక్కడి నుంచి నోట్లోకి, పక్కబట్టల మీదికి, బొమ్మల మీదికి, పక్కనున్న మరో బిడ్డ చేతికి వెళతాయి. ఆ గుడ్లు బయట 2, 3 వారాలు బతుకుతాయి. కాబట్టి ఇంట్లో అందరూ ఒకే రోజు మందు వేసుకోవాలి, 2 వారాల తర్వాత మళ్లీ వేసుకోవాలి. గోళ్లు పొట్టిగా కత్తిరించాలి. పొద్దున లేవగానే స్నానం చేయించాలి, లోదుస్తులు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. "పిల్లి సంగతేంటండీ?" అని అక్క అడిగితే, "దీనికీ పిల్లికీ లంకె లేదమ్మా" అన్నారు ఆవిడ.

పశువుల డాక్టరుగారు చెప్పింది వేరే కథ. బియ్యపు గింజల్లా ఉన్నవి బద్దె పురుగు తెంపి వదిలే ముక్కలు. ఒక్కో ముక్కలో గుడ్లుంటాయి. ఆ గుడ్లను ఫ్లీస్ పిల్లలు, అంటే బొచ్చులో గెంతుతూ తిరిగే చిన్న గోధుమరంగు పురుగుల లార్వాలు తింటాయి. ఫ్లీ పెద్దదయ్యాక పిల్లి ఒళ్లు నాక్కుంటూ దాన్ని మింగేస్తుంది. అలా చక్రం మళ్లీ మొదలవుతుంది. ఎలుకల్ని తినడం వల్ల వచ్చే మరో రకం బద్దె పురుగూ ఉంది. సంక్రాంతి నుంచి మేం వేస్తున్న మందు వీటి మీద పనిచెయ్యదు. వీటికి ప్రాజిక్వాంటెల్ కావాలి. ఫ్లీస్‌ని వదిలించకుండా ఆ మందు ఎన్నిసార్లు వేసినా మళ్లీ వస్తాయి.

నాలుగు పిల్లులున్న ఇంట్లో ఈ పని ఎలా చేశామో చెబుతాను, మీకూ పనికొస్తుంది.

నాలుగింటికీ ఒకే రోజు మందు వేశాం. జబ్బు కనిపించినదానికే వేస్తే మిగతావాటి నుంచి దానికి మళ్లీ అంటుకుంటుంది. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి, పిల్లిని ఎత్తుకుని తూకం మిషన్ ఎక్కి, తర్వాత నేనొక్కదాన్నే ఎక్కి, తేడా రాసుకున్నాను. పసిపిల్లలుగా ఉన్నప్పుడైతే వంటింటి కాటా సరిపోయింది. పాత తువ్వాలులో కాళ్లు బయటికి రాకుండా చుట్టి, తల కాస్త పైకెత్తి, మాత్రను నాలుక వెనకభాగంలో వేసి, నోరు మూసి గొంతు నిమిరాను. వెంటనే సిరంజితో కాసిని నీళ్లు పట్టాను, మాత్ర గొంతులో ఇరుక్కోకుండా. తర్వాత గంటసేపు నాలుగింటినీ వేర్వేరు గదుల్లో ఉంచాం. ఏది వాంతి చేసుకుందో తెలియాలి కదా. మిర్చి కక్కేసింది. డాక్టరుగారికి ఫోన్ చేసి అడిగి, మళ్లీ వేశాను.

ఫ్లీస్ కోసం పిల్లులకని ప్రత్యేకంగా వచ్చే చుక్కల మందు మెడ మీద వేశాం. కుక్కల మందు వాడకండి. వాటిలో కొన్నింటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లి ప్రాణం తీస్తుంది. అలాగే ఇంట్లో మిగిలిన అల్బెండజోల్ మాత్ర విరిచి పిల్లికి పెట్టకండి. అది పిల్లుల్లో ఎముక మజ్జను దెబ్బతీసే ప్రమాదం ఉంది. మామ్మ చెప్పిన వెల్లుల్లీ వద్దు. దానివల్ల పిల్లి రక్తంలో ఎర్రకణాలు పగిలిపోతాయి.

దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండేశాం. మూలలు, సోఫా సందులు రోజూ ఊడ్చాం. ఇసుక తొట్లు శుభ్రం చేయడం అన్నిటికన్నా ముఖ్యం. పిల్లి ఏలికపాము గుడ్లు మలంతో బయటపడిన వెంటనే ప్రమాదం కాదు. అంటే స్థితికి రావడానికి 2 వారాలైనా పడుతుంది. ఆలోగా ఎత్తి పారేస్తే ముప్పు తప్పినట్టే. మట్టిలో వదిలేస్తే మాత్రం ఏళ్ల తరబడి బతకగలవు. ఆ మట్టి అంటిన చేతులు బిడ్డ నోట్లో పెట్టుకుంటే, ఆ లార్వాలు కాలేయంలోకి, అరుదుగా కంట్లోకి కూడా వెళ్లగలవు. కనుక పెరట్లో, ఇసుక కుప్పల దగ్గర ఆడి వచ్చిన పిల్లలు సబ్బుతో చేతులు కడగాలి, ఇంట్లో పిల్లి ఉన్నా లేకపోయినా. ఇల్లు కట్టే చోట పోసిన ఇసుకను రాత్రిళ్లు పట్టా కప్పి ఉంచితే ఇంకా మంచిది. ఇంట్లో గర్భిణి ఉంటే తొట్టి శుభ్రం చేసే పని వేరేవాళ్లు చెయ్యాలి. దానికి కారణం పురుగులు కావు, టాక్సోప్లాస్మా అనే మరో సూక్ష్మజీవి.

2 వారాల తర్వాత ఇంటిల్లిపాదీ రెండో విడత మందు వేసుకున్నాం. పాప హాయిగా నిద్రపోయింది. జున్ను దుప్పటి మీద గింజలు కనిపించలేదు. నాన్నగారు ఆ గోనెసంచి గురించి మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు వంటింటి క్యాలెండర్ మీద పిల్లుల మందు తేదీలకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేది ఆయనే.

ఇంకో సంగతి చెప్పాలి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే. ఆ పాప తల్లిగారి అనుమతితో, పేరు, సెక్షన్ చెప్పకుండా రాస్తున్నాను. జులైలో క్లాసులో నేను ఈ పురుగుల గురించి చెప్పిన రోజు, బెల్ కొట్టాక ఒక అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "టీచర్, పిల్లి వల్ల రాకపోతే మరి మా స్నోయీని ఎందుకు వదిలేశారు?" అంది. 2 ఏళ్లు పెంచుకున్న పిల్లి. తనకు దురదగా ఉందని ఇంట్లో చెప్పిన మర్నాడే దాన్ని ఊరవతల ఫంక్షన్ హాల్ దగ్గర వదిలేశారు. "నేను చెప్పకపోతే ఉండేది కదా" అని తను అన్న మాటకు నా దగ్గర తయారుగా జవాబు లేదు. "చెప్పి మంచి పని చేశావు" అని మాత్రం అన్నాను.

వాళ్ల అమ్మగారితో మాట్లాడాను. ఆవిడ మంచి మనిషి. బిడ్డ ఆరోగ్యం కోసమే ఆ పని చేశారు. 2 ఆదివారాలు కూతుర్ని తీసుకుని అక్కడికి వెళ్లి వెతికారు. పిల్లి దొరకలేదు. ఆ అమ్మాయికి దురద ఆ తర్వాత కూడా తగ్గలేదు. డాక్టరుకి చూపించి, ఇంట్లో అందరూ మందు వేసుకున్నాకే తగ్గింది.

తల్లిదండ్రులకు నేను చెప్పాలనుకున్నది ఇదే. పిల్లలు తమ ఒంట్లో బాధ మనతో చెప్పుకోవాలంటే, చెప్పినందుకు తమకిష్టమైనది ఏదీ పోదన్న నమ్మకం వాళ్లకుండాలి. మా అక్క కూతురు దురదను దాచబోయింది. ఈ అమ్మాయి చెప్పినందుకు కుమిలిపోయింది. నులిపురుగులు సిగ్గుపడే జబ్బు కాదు, ఎవరి పెంపకంలోనో లోపమూ కాదు. క్లాసులో ఒకరికి వస్తే పక్కవారికి రావడం చాలా మామూలు. బిడ్డ చెప్పినప్పుడు ముందు డాక్టరుకి చూపించండి. ఇంట్లో పిల్లి ఉంటే దాన్నీ దాని డాక్టరుకి చూపించండి. కారణం తెలిశాకే ఏ నిర్ణయమైనా.

10వ తేదీన పిల్లల్ని పొద్దున తినిపించి పంపండి. మాత్రను నమిలి మింగాలి, టీచర్ల ముందే వేయిస్తాం. ఆ రోజు జ్వరంగానీ, వేరే అనారోగ్యంగానీ ఉంటే, లేదా ఈమధ్యే నులిపురుగుల మందు వేసి ఉంటే డైరీలో ఒక లైను రాసి సంతకం చెయ్యండి. రాలేకపోయినవారికి తర్వాత మరో రోజు ఇస్తాం. పిల్లుల మందు గురించి సందేహాలుంటే శనివారం పేరెంట్స్ మీటింగులో నన్ను అడగండి. క్యాలెండర్ మీద తేదీలు ఎలా వేసుకోవాలో చూపిస్తాను.