మూడో మెట్టు

మా మేడమెట్లలో మూడోది కదులుతోందని నాకు ఎనిమిది నెలలుగా తెలుసు. పిల్లలు దాన్ని దాటి గెంతేవారు. మా శ్రీమతి నెలకోసారి "తాపీమేస్త్రీని పిలవకూడదుటండీ" అనేది. అద్దె ఇల్లాయె, ఇంటాయన చూసుకోడూ అని నా ధీమా. అయినా ఊరుకోలేక సుద్దముక్కతో ఆ మెట్టు మీద 'జాగ్రత్త' అని రాశాను. నా దస్తూరీ చూసి నేనే మురిశాను కూడా.

ఒకనాడు గ్యాసు సిలిండరు తెచ్చిన కుర్రాడు సరిగ్గా అక్కడే పడ్డాడు. భుజాన దాదాపు 30 కిలోల బరువున్నవాడికి కాలికింద నా దస్తూరీ ఏం కనబడుతుంది? కుడి మణికట్టు విరిగింది. లేవదీయబోతే వాడన్న మొదటి మాట, "సిలిండరుకేం కాలేదండీ."

వాడికి కట్టు కట్టించి, ఆ రాత్రే ప్లీడరీ చేస్తున్న మా బావగారింటికి పరుగెత్తాను. భయమేసిందండీ, దాచడమెందుకు!

"ఇల్లు నాది కాదు గదా బావగారూ?"

"ఇల్లెవరిదని కాదోయ్, ఎవరి చేతిలో ఉందని అడుగుతారు. ఆ మెట్లు ఇంకెవరైనా వాడతారా?"

"లేదు, మా వాటాకే."

"మేస్త్రీని పిలవొద్దని ఎవరైనా అడ్డుపడ్డారా?"

నేను మాట్లాడలేదు. ఆయన విసనకర్ర పక్కన పెట్టి చెప్పుకొచ్చారు. 1866లో లండనులో తీర్పయిన కేసొకటి ఉందిట. చక్కెర ఫ్యాక్టరీలోకి పనిమీద వెళ్ళిన మనిషి, చుట్టూ కంచెలేని కంతలోంచి కింది అంతస్తులోకి పడ్డాడు. అతనూ గ్యాసు పనివాడే! పనిమీద వచ్చినవాణ్ణి, నీకు తెలిసిన ప్రమాదం నుంచే కాదు, తెలిసివుండవలసిన ప్రమాదం నుంచి కూడా కాపాడాలని తేల్చారు. ఇంగ్లండులో 1957లో దీనికి ప్రత్యేకంగా చట్టమే చేశారు. మనకలాంటిది లేకపోయినా, కోర్టులు ఆ పాత సూత్రాలనే చూస్తాయిట.

"మరి 'జాగ్రత్త' అని రాశాను గదా?"

"ఆ రాత చదివి మనిషి క్షేమంగా మెట్టెక్కగలిగితేనే అది హెచ్చరిక. లేకపోతే వట్టి సుద్ద. 1951లో ఢిల్లీ చాందినీచౌక్‌లో గడియారస్తంభం కూలి జనం చచ్చిపోయారు. లోపం పైకి కనబడలేదని మునిసిపాలిటీ వాదించింది. దారిపక్క కట్టడం కలవాళ్ళకి ఆ సాకు చెల్లదని 1966లో సుప్రీంకోర్టు అన్నది. అక్కడ కనబడని లోపం. నువ్వో, లోపం మీద సుద్దతో సంతకం పెట్టావు!"

కాస్సేపాగి, "అయినా ఇలా పడ్డవాళ్ళు కోర్టుకెక్కడ వస్తారులే" అన్నారు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు కుర్రాడింటికి వెళ్ళాను. నన్ను చూసి కంగారుగా లేచాడు. "తప్పు నాదేనండీ, చూసుకోలేదు. ఏజెన్సీలో చెప్పకండి, పనిలోంచి తీసేస్తారు" అన్నాడు. వాడే ఒప్పుకుంటున్నాడు! ఒక్క క్షణం ఆశపడ్డాను. గుమ్మంలో వాళ్ళమ్మ నిలబడి వుంది.

"నీ తప్పు కాదు. మెట్టు కదులుతోందని నాకు తెలుసు" అన్నాను.

"తెలుసాండీ?" అన్నాడు వాడు, అంతే.

వైద్యం ఖర్చూ, చెయ్యి అతికేదాకా రోజుకూలీ నేనే ఇచ్చాను. ఇంటాయన సగం ఇస్తానని ఉత్తరం రాశాడు. సగం ఇంకా రాలేదు. మేస్త్రీ మెట్టు బిగించడానికి పట్టింది అరగంట.

కుర్రాడు మళ్ళీ పనిలోకి వచ్చాడు. మెట్టు బాగైందని చెప్పాను, తొక్కి చూపించాను. వాడు నవ్వి, సిలిండరు భుజానికెత్తుకుని, మూడో మెట్టు దాటి నాలుగోదాని మీద కాలు పెట్టాడు.