మూడు పాచికల తగవు

పాచికలనగానే తెలుగు బోధించేవారికి సభాపర్వం స్ఫురించడం సహజం. మాకు దానితోపాటు మా తండ్రిగారి ముఖం కూడా స్ఫురిస్తుంది. జూదం హరామ్ గనుక, పందెం లేకపోయినా సరే, పాచిక మా గడప దాటరాదని ఆయన శాసనం. వైకుంఠపాళి సైతం మేము పొరుగింటి అరుగుమీదనే ఆడుకొన్నాము. అటువంటి మమ్ము కడచిన సంవత్సరం వసతి గృహ విద్యార్థులు ఒక పాచికల తగవులో తీర్పరిగా కూర్చోబెట్టారు.

ఆ ఆట పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇద్దరు అమెరికనులు రూపొందించగా 1974లో వెలువడింది. చికాగోలోని మేనమామ ఒక విద్యార్థికి దాని పుస్తకం పంపినాడట. ఇందులో పందెం లేదు. ఆటగాళ్లు తలకొక పాత్రను ధరించి, నిర్వాహకుడు చెప్పే కథలో సంచరిస్తారు. అయితే కథకు ముందు పాత్ర పుట్టాలి కదా! బలం, చురుకు, దారుఢ్యం, మేధ, వివేకం, ఆకర్షణ అను ఆరు గుణాలకు అంకెలు నిర్ణయించాలి. తగవంతా ఇక్కడే.

తొలినాటి పద్ధతి నిష్ఠురమైనది. ఒక్కొక్క గుణానికి మూడు పాచికలు వేసి కూడాలి; పడినది పడినట్లు, వరుస మార్చకుండా స్వీకరించాలి. 1974 నాటి నియమం ప్రకారం వాటిని వేసేది కూడా ఆటగాడు కాదు, నిర్వాహకుడే. మూడు పాచికలు 216 విధాలుగా పడగలవు. వాటిలో 18 వచ్చేది ఒకే ఒక్క విధం. 10 గాని 11 గాని వచ్చేవి 54 విధాలు. అనగా, లోకంలో వలెనే ఇక్కడా సామాన్యులే అధికం. 1979లో గైగాక్స్ రచించిన నిర్వాహకుల గ్రంథం కొంత కనికరించింది: నాలుగు పాచికలు వేసి, అన్నిటికన్న తక్కువైనదానిని విడిచి, మిగిలిన మూటిని కూడి, వచ్చిన అంకెలను ఇష్టమైన గుణాలకు పంచుకోవచ్చు. సగటు పదిన్నర నుండి పన్నెండు దాటుతుంది.

మా విద్యార్థులు పాత పద్ధతిలోనే అసలు రుచి ఉన్నదని దానినే ఎంచుకొన్నారు. ఒకనికి వరుసగా 9, 7, 12, 8, 11, 6 పడ్డాయి. మరల వేయనిమ్మని అడిగాడు. తక్కినవారు ఒప్పుకోలేదు. మేము నియమపక్షం వహించి, పడినది పడినట్లే ఉండాలని తీర్పు చెప్పాము. అతడు ఎదురాడలేదు.

“పుట్టేటప్పుడు ఎలాగూ ఎవరూ అడగలేదు సార్. ఇక్కడైనా అడుగుతారనుకొన్నాను” అని మాత్రం అన్నాడు.

కోరిన చోట సీటు వచ్చి కూడా, రుసుము కట్టలేక మా కళాశాలలో చేరిన పిల్లవాడని మేము ఎరుగుదుము. ఆ రాత్రి మాకు నిద్ర సరిగా పట్టలేదు.

మరునాడు ఆ పుస్తకం అడిగి తీసుకొన్నాము. అది 2014 నాటి కూర్పు. అందులో పాచికలే అక్కరలేని త్రోవ ఒకటి ఉన్నది. ఆరు గుణాలూ 8 వద్ద ప్రారంభమవుతాయి. చేతిలో 27 పాయింట్లు ఉంటాయి. ఏ గుణమూ 15 మించరాదు. 13 వరకు మెట్టుకు ఒక పాయింటు, ఆపై రెండేసి. మూడు గుణాలను 15కు పెంచితే సంచి ఖాళీ; మిగిలిన మూడూ ఎక్కడివక్కడే. ఉర్దూలో తఖ్దీర్‌కు ఎదురుగా తద్బీర్ అంటారే, అచ్చంగా అదే ఇది. అందరికీ సమానమైన మూలధనం. న్యాయం ఇందులోనే ఉన్నదని మాకు తోచి, తీర్పు సవరించాము. అపీలు లేకుండానే మనసు మార్చుకొన్న న్యాయమూర్తులు అరుదు!

అందరూ అంగీకరించారు, అతడు తప్ప. రాత్రి ఆ పాత్రకు పేరు పెట్టుకొన్నాడట, ఇక విడువలేనన్నాడు. తక్కినవారు తమ 27 పాయింట్లను లెక్కపెట్టుకొంటూ ఉండగా, అతడు పాత కాగితాన్నే సరిచేసి మడిచి జేబులో పెట్టుకొన్నాడు. ఆకర్షణ 6 గనుక కథలో ఆ పాత్ర మాట ఎవరూ చెవిని పెట్టేవారు కారట. అయినా వార్షిక పరీక్షల వరకు బ్రతికే ఉన్నది.

సెలవులకు పోతూ పాచికలను భద్రపరచమని మాకే అప్పగించారు. ఇంటికి తీసుకొనిపోలేదు. అధ్యాపకుల గదిలోని మా బీరువాలో, సుద్దముక్కల పెట్టెలో ఉన్నాయి.