చవుడును అలుకును

పులివెందులకు చేరువనున్న తుమ్మలపల్లెలో ఉపాధ్యాయుడనై నేను బాడుగకుండిన యిల్లు మట్టిమిద్దె. రాతిగోడలమీద దూలములు, దూలములమీద దంతెలు, వానిపై పరచిన బండలు, ఆ పైని మన్ను, అన్నిటికిని మీద చవుడు. నడియింటికి వెలుతురిచ్చుటకు ఒక గవాక్షి. ఆ యిల్లుగల అవ్వ ప్రక్కభాగముననే కాపురముండెడిది. మేము సామాను దించిన నాటి సాయంకాలమున ఆమె గడపకడ నిలిచి, కాగితముగాని కలముగాని లేకయే, మా యిరుపక్షముల ధర్మమును రెండు మాటలలో చెప్పివేసెను: “మిద్దె మింద చవుడు నాది, అయ్యోరా. ఇంట్లో అలుకు మీది.”

ఆ మాటలోని నిండుదనము నాకు వేసవి కడపటగాని బోధపడలేదు. ముంగారు వానలకు ముందు ఆమె బండ్లతో చవుడు తోలించి, కూలివాండ్రచేత గంపలతో మిద్దెపై కెత్తించి, తానును నిచ్చెనయెక్కి దగ్గరనుండి పరపించెను. చవుటిమన్ను సోడియపు లవణములు పట్టిన మన్ను. తడిసినంతనే దాని రేణువులు విడివడి, ఉబ్బి, సందులన్నిటిని పూడ్చివేయును గనుక వాననీరు దానిని దాటి క్రిందికి దిగజాలదు. పైరునకు పనికిరాదని రైతు విడిచిపెట్టిన నేలయే ఈ సీమలో మనుష్యుని తలపై గొడుగైనది. అయినను ఏటేట గాలికి కొంతయు, వానకు కొంతయు పోవుచుండును గాన, ఏటేట వేయవలసినదే. వేయనియేడు మిద్దె ఉరియును. ఆ వ్యయము బాడుగకుండువానిది కాదు, ఏలయన అతడు వెడలిపోయిన తరువాతను ఆ మిద్దె నిలువవలసియున్నది. ఇక పేడతో నేల అలుకుట, జలదారిలో పేరుకొనిన మడ్డి తీయుట, సడలిన గొళ్ళెమును బిగించుకొనుట, ఇవి ఆ నేలను నిత్యము త్రొక్కి, ఆ నీటిని నిత్యము పారబోసి, ఆ తలుపును నిత్యము మూసి తెఱచువానివి.

అద్దె నియంత్రణమునకై 1960లో వెలసిన రాష్ట్రచట్టము పురపాలకసంఘములుగల పట్టణములకే వర్తించెడిది గనుక, మావంటి పల్లెలకు ఆచారమును, దాని వెనుక 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమునే దిక్కు. ఆ చట్టపు 108వ సెక్షనును నేను తరువాత చదివి ఆశ్చర్యపడితిని. వేరు ఒప్పందము గాని స్థానికాచారము గాని లేనిచోట, ఇల్లు తనకెట్లు వచ్చినదో అట్లే తిరిగి అప్పగింపవలసినది బాడుగదారుడు. కాని న్యాయమైన వాడుకవలన కలిగిన అరుగుదలకును, మనుష్యుడు అడ్డుపడజాలని శక్తివలన కలిగిన చెఱుపునకును అతడు బాధ్యుడు కాడు. యజమాని తాను చేయించి తీరవలసిన మరమ్మతును, తెలియజేసిన పిమ్మట తగిన కాలములోపల చేయింపడేని, బాడుగదారుడే చేయించి, ఆ వ్యయమును వడ్డీతో కూడ బాడుగలో విఱుచుకొనవచ్చును. రాష్ట్రములకు మాదిరిగా నుండుటకై 2021 జూనులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన నమూనా అద్దె చట్టము ఇంకను వివరముగా పట్టికయే వేసినది: గోడలకు సున్నము, తలుపులకు రంగు, నీటిగొట్టముల మార్పు, విద్యుత్తీగెలు యజమానివి, కొళాయి వాషరు, స్విచ్చు, తాళము, కిటికీ అద్దము, గీజరు నివాసివి. అవ్వ చెప్పిన రెండు మాటలకు ఇది వ్యాఖ్యానమని నాకు తోచినది.

అయితే ఆ పట్టికలో ఒక్క విషయమున నేను సమ్మతింపజాలను. అది గీజరు.

మా యూరి క్రిందనున్నది వేంపల్లె శిలాశ్రేణికి చెందిన డోలమైటు రాయి. యురేనియము దొరకినదియు ఆ రాతిలోనే. 2007లో శంకుస్థాపన జరిగి, 2012లో గనియు మిల్లును పని ప్రారంభించిన పిదప, ఝార్ఖండమునందలి జాదుగూడ నుండి వచ్చిన ఉద్యోగి యొకడు మా యెదుటి క్రొత్త స్లాబుటింట బాడుగకు దిగెను. ఆ యింట గీజరు బిగించియుండెను. రెండేండ్లు తిరుగకమున్నే అది చెడెను. ఇంటాయన, “వాడుకున్నోళ్ళే చూసుకోవల్ల,” అనెను. బాడుగదారుడు, తాను దానిని స్నానమునకు తప్ప వేఱొక పనికి వాడలేదనెను. మాటలు పెరిగి, ఇద్దఱును నన్ను పిలిచిరి. మేస్త్రీ గీజరును విప్పి చూపినప్పుడు, లోని తీగచుట్ట కానరాకుండ వ్రేలిమందమున తెల్లని గార కట్టియుండెను. డోలమైటునందు కాల్షియము, మెగ్నీషియము గలవు. నేలలోనికి ఇంకిన వాననీరు వానిని కరగించుకొని బోరులో మనకందును. ఆ నీటిని కాచినంతనే కరగినది మఱల రాయియై అంటుకొనును. అట్లంటుకొనిన చుట్ట తన వేడిని నీటికీయలేక తానే మాడిపోవును. మా యింట కొళాయిల మూతులు పూడుకొనుటయు, బకెట్లకు తెల్లచారలు పడుటయు ఈ కారణముననే.

ఈ గార ఎవ్వరి అపరాధము? వాడినవానిది కాదు, నీరు ఆ యింటి బోరునుండియే వచ్చినది. మిద్దెచవుడు గాలికి పోవుట యెట్టిదో, ఈ నీటికి గీజరు మాడుట అట్టిది. అరుగుదలయన్న పదమును ఏ యూరి నీటితో ఆ యూరనే తూచవలెనని నా దృఢవిశ్వాసము. ఏటికొకసారి విప్పించి గార గీయించుట నివాసి విధి, కాలము తీరిన చుట్టను మార్చుట యజమాని విధి. నేనట్లే చెప్పితిని. చుట్ట ఖరీదు ఇంటాయనయు, మేస్త్రీ కూలి బాడుగదారుడును పెట్టుకొనిరి.

చెడినదాని సంగతి ఇది. చేర్చినదాని సంగతి ఇంతకంటె సుకుమారమైనది. పరుని నేలమీద బాడుగ చెల్లించుచు ఇల్లు కట్టుకొనినవాడు వెడలునప్పుడు కప్పును, కలపను, ఇటుకలను తీసికొనిపోవచ్చుననియు, బాడుగ లేక నేలగలవాని యిష్టమునకు విరుద్ధముగ నుండినవానికి ఆ హక్కు లేదనియు నారదస్మృతి విధించినది. నేలకంటినదెల్ల నేలగలవానిదేయన్న ఆంగ్లదేశపు పాత సూత్రము ఈ దేశాచారమునకు చెల్లదని కలకత్తా హైకోర్టు 1866లో తీర్పు చెప్పెను. 108వ సెక్షనును ఆ త్రోవనే నడచి, ఇల్లు ఇంకను తన స్వాధీనముననుండగా బాడుగదారుడు తాను బిగించినవానిని తీసికొనవచ్చునని చెప్పుచు, ఇంటిని మాత్రము మునుపటి స్థితిలోనే విడువవలెనని కట్టడి చేసినది.

మాకు బదిలీయైనప్పుడు ఆ యింట నేను చేర్చినవి రెండుండెను: పుస్తకములకై గోడలోనికి దూర్చిన కడపబండ యొకటి, మా పాప ఉయ్యాలకై దూలమునకు బిగించిన ఇనుపకొక్కె మొకటి. బండను కదలింపబోగా అవ్వ వచ్చి చేయిపట్టుకొనెను. “పీకితే గోడ మట్టి పెళ్ళలు పెళ్ళలుగా ఊడతాది అయ్యోరా. బండ దుడ్లు నేనిస్తా, ఉండనీ,” అనెను. అడ్వాన్సుతోపాటు ఆ సొమ్మును చీరచెఱగున ముడివేసి తెచ్చి లెక్కించి యిచ్చెను. కొక్కెమునకు నేనేమియు తీసికొనలేదు. ఇంక రాబోవువారికి పసిబిడ్డ యున్నదని ఆమెయే చెప్పినది.

ముందునాటి రాత్రి నా భార్య, ఎవ్వరు నడుగకయే, నడియిల్లంతయు అలికి ముగ్గుపెట్టెను. తెల్లవాఱి బండి కదలునప్పటికి నేల ఆరియుండెను. వీథిలో చవుటిబండి వచ్చి నిలిచియుండెను. అవ్వ కూలివానిచేత మిద్దెకు నిచ్చెన వేయించుచుండెను.