గాలి కోసం కాచుకున్న బుధవారం

అన్నాపొలిస్, మేరీలాండ్
జూలై నెల, బుధవారం రాత్రి

చిరంజీవి తమ్ముడికి,

  

"ఆ దేశంలో నిన్ను నిలబెట్టేసిన వింత ఏదైనా ఉంటే రాయక్కా" అని అడిగావు. మేడలూ వంతెనలూ నువ్వు ఫొటోల్లో చూసేవే. ఇవాళ సాయంత్రం నేను చూసినది ఫొటోకి అందేది కాదు. అందుకే పడుకోకుండా ఇప్పుడే కూర్చుని రాస్తున్నాను. నూరుకు పైగా తెరచాప పడవలు పందేనికి దిగి, గాలి పడిపోతే నీళ్ళ మీద బొమ్మల్లా నిలిచిపోయాయి. మా పడవలో ఇంజను ఉంది, మా చుట్టూ ఉన్నవాటిలో చాలావాటికీ ఉంది. ఒక్కరూ దాన్ని ముట్టుకోలేదు.

ముందు ఊరి సంగతి చెబుతాను. వాషింగ్టన్ నుంచి తూర్పుగా కారులో గంట లోపు ప్రయాణం. చెసాపీక్ బే అనే పెద్ద అఖాతం ఒడ్డున, సెవర్న్ నది వచ్చి కలిసేచోట అన్నాపొలిస్ ఉంది. మేరీలాండ్ రాష్ట్రానికి రాజధాని. 1783, 84 సంవత్సరాల్లో కొన్ని నెలలు ఈ దేశానికే రాజధాని. స్వాతంత్ర్య యుద్ధం గెలిచాక జార్జి వాషింగ్టన్ తన సేనాధిపతి పదవిని వదులుకున్నది ఇక్కడి స్టేట్ హౌస్ అనే శాసనసభ భవనంలోనే, 1783 డిసెంబరు 23న. గెలిచినవాడు తనంతట తాను పదవి దిగిన ఆ గదిలో నేను కాసేపు నిలబడి వచ్చాను. 1845లో పెట్టిన నౌకాదళ అకాడమీ కూడా ఈ ఊళ్ళోదే. నీళ్ళ మీద నుంచి చూస్తే దాని ప్రార్థనాలయం గోపురం ముందు కనిపిస్తుంది.

ఇక అఖాతం. పొడవు 320 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఇంత పెద్ద నీటికి సగటు లోతు ఆరున్నర మీటర్లే. మంచుయుగం ముగిసి సముద్రం పొంగినప్పుడు ససక్వెహానా అనే నది లోయ మునిగి ఇలా అఖాతమైంది. నదుల మంచినీళ్ళూ సముద్రపు ఉప్పునీళ్ళూ కలిసిన నీరు కాబట్టి పీతలకూ ఆయిస్టర్లనే ఆల్చిప్పలకూ పుట్టిల్లు. మన కోరంగి దగ్గర గోదారి పాయ సముద్రంలో కలిసేచోటి వాసనే ఇక్కడా తగిలింది. ఒడ్డున దిగగానే ఊపిరి నిండా పీల్చుకున్నాను.

వేసవి పొడుగునా బుధవారం సాయంత్రాల్లో ఇక్కడ పడవ పందేలు జరుగుతాయి. 1886లో మొదలైన అన్నాపొలిస్ యాట్ క్లబ్ వీటిని నడుపుతుంది. మన కోనసీమలో సంక్రాంతి పడవ పందేల్లా ఏడాదికోసారి వచ్చే పండగ కాదిది. వారం మధ్యలో ఆఫీసు వదిలిపెట్టి, బట్టలు మార్చుకుని, ఆరు గంటలకల్లా నీళ్ళ మీదికి వచ్చేస్తారు. మా అల్లుడి ఆఫీసులో ఒక పెద్దాయనకి 30 అడుగుల పడవ ఉంది. "మీ అత్తగారిని కూడా తీసుకురండి, పడవలో బరువు పనికొస్తుంది" అన్నారట ఆయన. బరువు ఎందుకు పనికొస్తుందో నాకు అక్కడికి వెళ్ళాకే తెలిసింది.

మొత్తం ఎనిమిదిమందిమి. అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగారు. రేవు దాటేవరకూ ఇంజనుతో వచ్చి, నది విశాలమైనచోట తెరచాపలు ఎత్తి, ఇంజను కట్టేశారు. ఆ చప్పుడు ఆగిపోగానే వచ్చిన నిశ్శబ్దం ఉంది చూశావూ, గుడిలో తెర తీసే ముందు ఉండే నిశ్శబ్దం అది. పందెం మొదలవడానికి ఇంకా టైముంది. ఆ పెద్దాయన నన్ను పిలిచి చుక్కాని పిడి చేతికిచ్చారు. చక్రం కాదు, నున్నగా అరిగిన కర్ర. "గట్టిగా పట్టుకోకండి, పిట్టని పట్టుకున్నట్టు పట్టుకోండి" అన్నారు. వేళ్ళ కింద నీళ్ళు కదలడం తెలిసింది తమ్ముడూ. మన తాతయ్య కోరంగి నావ మీద సరంగు కదా. ఆయన చెయ్యి ఏమి విని ఉంటుందో ఇన్నాళ్ళకి నా చెయ్యి విన్నది.

పందెం మొదలుపెట్టే తీరు విను. నీళ్ళ మీద ఒక గీత ఉన్నట్టు ఊహించుకుంటారు. ఒక కొసన నిర్ణేతల పడవ, ఇంకో కొసన బోయా, అంటే నీళ్ళ మీద తేలే గుర్తు. అయిదు నిమిషాల ముందు ఒక జెండా లేచి హారన్ మోగుతుంది. నాలుగు నిమిషాలు మిగిలినప్పుడు రెండో జెండా లేస్తుంది. ఆ క్షణం నుంచి ఏ పడవా ఇంజనుతో కదలకూడదు. ఒక నిమిషం మిగిలిందనగా ఆ జెండా దిగుతుంది. తర్వాతది బయలుదేరే హారన్. నేల మీద పరుగు పందెంలోలా నిలబడి ఎదురుచూడడానికి తెరచాప పడవకి బ్రేకులు లేవు. అందుకని అన్నీ గీత వెనక ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, హారన్ మోగే సెకనుకి గీత మీదికి వచ్చేలా లెక్క వేసుకుంటాయి. ముందే దాటితే వెనక్కి వచ్చి మళ్ళీ బయలుదేరాలి.

పందెం దారిలో చుట్టి రావలసిన మొదటి బోయా సాధారణంగా గాలి వచ్చే దిక్కున ఉంటుంది. గాలికి సూటిగా ఎదురు ఏ తెరచాపా వెళ్ళలేదు. సుమారు 45 డిగ్రీలు ఏటవాలుగా కాసేపు ఇటు, మలుపు తీసుకుని కాసేపు అటు, మెట్లెక్కినట్టు ఎక్కాలి. తెరచాప విమానం రెక్కలా వంపు తిరిగి ఉంటుంది. దాని మీదుగా పారే గాలి పడవని పక్కకీ ముందుకీ లాగుతుంది. పక్కకి పోకుండా అడుగున ఉన్న కీల్ అనే బరువైన రెక్క నీళ్ళని పట్టుకుంటుంది. ఇక మిగిలింది ముందుకే. ఎదురుగాలినే బలంగా మార్చుకునే ఈ విద్య తాతయ్య నోట విన్నాం కానీ కళ్ళతో చూడలేదు మనం.

పడవలన్నీ ఒక్క రకం కాదు కదా, పెద్దది ముందు వస్తే అందులో గొప్పేముంది అని అడిగాను. ఒకే తయారీ పడవలు ఒక గుంపుగా పోటీ పడతాయట. మిగతావాటిలో ఒక్కో పడవకి మైలుకి ఇన్ని సెకన్లని ఒక లెక్క కట్టి ఉంటుంది. రెండు పడవల మధ్య తేడా మైలుకి 60 సెకన్లైతే, నాలుగు మైళ్ళ పందెంలో వేగంగా పోయేది నాలుగు నిమిషాలకన్నా ఎక్కువ ముందు వస్తేనే గెలిచినట్టు. పాత పడవా కొత్త పడవా ఒకే నీళ్ళ మీద మర్యాదగా పోటీ పడే దారి అది.

బయలుదేరినప్పుడు గాలి గంటకి ఎనిమిది కిలోమీటర్లుంటుందేమో. పగలు నేల వేడెక్కి, ఆ గాలి పైకి లేస్తే, నీళ్ళ మీది చల్లగాలి ఒడ్డుకి వస్తుంది. మన తీరంలో సాయంత్రాలు వచ్చే గాలి కథే. పొద్దు వాలేకొద్దీ నేల చల్లబడుతుంది, గాలి చచ్చిపోతుంది. ఏడింటికల్లా అదే జరిగింది.

అప్పుడు చూడాలి వాళ్ళ పనితనం. అందరినీ గాలి పోయే వైపు అంచుకి వెళ్ళి కూర్చోమన్నారు. బరువుకి పడవ కొంచెం ఒరిగింది. ఒరిగితే నీళ్ళని రాసుకునే భాగం తగ్గుతుంది, తెరచాప తన బరువుకి తానే వంపు తిరిగి వేలాడుతుంది. నా బరువు పనికొచ్చింది ఇందుకన్నమాట. లేవాలంటే పిల్లి అడుగులే. దబ్బుమని అడుగు పడితే తెరచాప ఉలిక్కిపడి ఉన్న గాలిని వదిలేస్తుంది. మాటలు గుసగుసల్లోకి దిగాయి. తెరచాపకి కుట్టిన చిన్న ఊలు పోగులు రెండు వైపులా కలిసి ఎగురుతున్నాయా లేదా అని ఒకమ్మాయి రెప్ప వేయకుండా చూస్తోంది. ముందు కూర్చున్న కుర్రాడి పని ఒక్కటే, నీళ్ళని చదవడం. గాలి తాకినచోట నీళ్ళు సన్నగా ముడతపడి నల్లబడతాయి. "అదిగో, కుడివైపు, వంద గజాల్లో" అంటాడు. నాకు మొదట ఏమీ కనబడలేదు. పావుగంట తదేకంగా చూశాక కనబడింది. నల్లపట్టు ముక్క పరుచుకుంటూ వచ్చినట్టు వచ్చి, మమ్మల్ని తాకి, పది గజాలు నెట్టి వెళ్ళిపోయింది.

తర్వాత అది కూడా లేదు. ఇక్కడ ఆటుపోట్ల తేడా ఒక్క అడుగే. అయినా ఆ నీటివాలే మమ్మల్ని మెల్లగా వెనక్కి లాగుతోంది. పెద్దాయన చప్పుడు కాకుండా చిన్న లంగరు జారవిడిచారు. అలా వేయడం నియమాలకి సమ్మతమే, కదిలే ముందు పైకి తీసుకోవాలంతే. తెడ్డు వేయకూడదు, పడవని ఊపి నడపకూడదు, చుక్కానిని తెడ్డులా ఆడించకూడదు. గాలీ నీళ్ళూ ఇచ్చినదానితోనే వెళ్ళాలి. లంగరు వేసిన మేము కదలకుండా ఉంటే, వేయని పడవలు ఒక్కొక్కటీ మా పక్క నుంచి వెనక్కి పోయాయి. నిలబడి ముందుకెళ్ళడం నేను చూసింది అప్పుడే.

ఆ ఖాళీలో పెద్దాయన ఒక సంగతి చెప్పారు. ఈ అఖాతంలో ఆయిస్టర్లని ఆవిరి పడవలతో తవ్వేస్తే మిగలవని, మేరీలాండ్ వాళ్ళు 1865 చట్టంలో తెరచాప పడవలతోనే తవ్వాలని రాసుకున్నారు. దానివల్లే స్కిప్‌జాక్ అనే తెరచాప పడవలు ఇరవయ్యో శతాబ్దంలోనూ ఇక్కడ పనిచేస్తూ మిగిలాయి. 1967లో వారానికి రెండు రోజులు ఇంజను సాయం తీసుకోవచ్చని సడలించారు. 1985లో స్కిప్‌జాక్‌ని రాష్ట్ర పడవగా ప్రకటించారు. చేతనైనంతా తీసుకోకుండా చేతిని కట్టుకోవడం ఈ నీళ్ళకి పాత అలవాటే తమ్ముడూ.

ఏడున్నర దాటాక దక్షిణం నుంచి ఒక చిన్న గాలి లేచింది. లంగరు తీసి చివరి బోయా వైపు సాగాం. నాలుగైదు పడవలు ఒక్కసారే అక్కడికి చేరాయి. కుడి నుంచి గాలి పట్టిన పడవకి ఎడమ నుంచి గాలి పట్టినది దారివ్వాలి. ఇలాంటి సూత్రాలతో అంత ఇరుకులోనూ ఒకరికొకరు తప్పుకున్నారు. మేం బోయా చుట్టూ తిరుగుతుండగా పడవ వెనక భాగం దాన్ని సన్నగా రాసుకుంది. చేత్తో నిమిరినంత. చప్పుడు కూడా లేదు. మిగతా పడవల వాళ్ళందరి కళ్ళూ తమ తెరచాపల మీదే ఉన్నాయి. నిర్ణేతల పడవ ఎక్కడో దూరాన ఉంది.

"తాకాం" అన్నారు పెద్దాయన.

అంతే, ఎవరూ మాట్లాడలేదు. పక్క పడవలకి దూరంగా జరిగి, పడవని ఒక పూర్తి చుట్టు తిప్పారు. బోయాని తాకితే అదే శిక్ష. గట్టి గాలిలో అయితే అరనిమిషం పని. ఆ కాస్త గాలిలో పడవ ప్రాణం పోయి మళ్ళీ నడక అందుకునేసరికి ముగ్గురు మమ్మల్ని దాటేశారు. దాటినవాళ్ళకి మేమెందుకు తిరిగామో తెలిసి ఉండదు. ఇలాంటి పందేల్లో ఈల వేసే అంపైరు ఉండడు. తప్పు చేసినవాడు తానే ఒప్పుకుని తానే శిక్ష వేసుకోవాలన్నది నియమాల పుస్తకంలో మొట్టమొదటి మాటట. ఇంజను మీద చెయ్యి వేయకపోవడానికీ ఆ చుట్టుకీ మధ్య నాకు తేడా కనిపించలేదు. ఎవరూ చూడనప్పుడు కూడా పందెం పందెంలాగే ఉండడానికి వాళ్ళు కడుతున్న ఖరీదు అది. సంతోషంగా కట్టారు.

ముగింపు గీత ఊరి మధ్యలోకి చొచ్చుకొచ్చిన స్పా క్రీక్‌లో ఉంటుంది. వంతెన మీదా రేవుల మీదా జనం. పడవ గీత దాటగానే హారన్ మోగింది. నిర్ణేతలు మా టైము రాసుకున్నారు. ఆ కాగితంలో బోయా సంగతి లేదు. అది తెలిసినవాళ్ళం మేం ఎనిమిదిమందిమే. ఇప్పుడు నీతో తొమ్మిది.

గీత దాటాక ఇంజను వేసుకుని రేవుకి వచ్చాం. నేను దిగుతుంటే ఆ పెద్దాయన చెయ్యి అందించి, "మళ్ళీ బుధవారం రండి, గాలి ఇంకా తక్కువ ఉండచ్చు" అన్నారు. వెళతాను.

మన ఇంటి అటక మీద తాతయ్య నావ చుక్కాని పిడి ఉండాలి, పాత చాపలో చుట్టి. దించి, దుమ్ము తుడిచి, కొంచెం నూనె రాసి ఉంచు. నేను వచ్చేదాకా ఎవరికీ ఇవ్వకు. దాన్ని ఎంత మెల్లగా పట్టుకోవాలో నాకిప్పుడు తెలుసు.

ఇట్లు,
మీ అక్క