ముల్లు మీటరు

మా అక్క కుంభారిలో ఉంటుంది. షోలాపూర్ నుంచి అక్కల్‌కోట్ రోడ్డు పట్టుకుని పోతే వచ్చే గోదూతాయి పరుళేకర్ నగర్ మన పాఠకుల్లో చాలామందికి తెలిసినదే. 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా బీడీ కార్మిక స్త్రీలకు అందిన పదివేల ఇళ్ళలో ఒకటి అక్కది. 2024 జనవరి 19న 15 వేల కుటుంబాలకు ఇళ్ళిచ్చిన రేనగర్ కూడా ఆ కుంభారిలోనే. తాతల కాలంలో కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి మగ్గం పనికి వలస వచ్చిన మనవాళ్ళ మాట ఇప్పుడు ఆ వీధుల్లో పొద్దున్నుంచీ వినిపిస్తుంది.

పోయిన ఏప్రిల్‌లో ఒక శనివారం రాత్రి అక్క ఫోను చేసింది.

"తమ్మీ, ఫ్రిజ్జు పట్టుకుంటే జివ్వుమంటున్నదిరా. నిన్న మనుమడు పట్టుకొని కెవ్వున ఏడ్చిండు. మీ బావనేమో చెప్పులేసుకొని ముట్టుమంటడు."

చెప్పులేసుకుని ముట్టమనడం మా బావ ఒక్కడి వైద్యం కాదు. ఊరంతటి వైద్యం. నేను మాత్రం ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. దానికి కారణం తరువాత చెబుతాను.

ఆదివారం పొద్దున్నే అటక మీది తోలు సంచి దింపాను. అందులో మా మేనమామ ముల్లు మీటరు ఉంది. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. ఓమ్ సూత్రం హైస్కూలుతోనే వదిలేశాను. అయినా ఆ మీటరు నా చేతికి ఎలా వచ్చిందో చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది.

మామ సాంచాల కార్ఖానాల్లో వైర్‌మన్. 1989లో కాలేజీ సెలవుల్లో ఆయన వెంట తిరిగేవాణ్ణి. ఒకరోజు తువ్వాళ్ళ కార్ఖానాలో ఒక సాంచ మోటారు తిరగకుండా గుర్రుమంటోంది. మూడు ఫేజుల్లో ఒకటి రావడం లేదని మామ చప్పుడు వినే చెప్పాడు. ఏది రావడం లేదో చూడమని మీటరు నా చేతికిచ్చి తాను బీడీ ముట్టించాడు. అంతకు ముందే నేను ఆ మీటరుతో ఊడదీసిన ఫ్యూజు తీగ తెగిందో లేదో చూశాను. నాబు ఓమ్స్ మీదే ఉండిపోయింది. అది తిప్పకుండానే రెండు కడ్డీలూ రెండు ఫేజుల మీద పెట్టాను. ఫేజుకీ ఫేజుకీ మధ్య 415 వోల్టులు. టప్పుమని శబ్దం, కమురు వాసన, ముల్లు కుడి అంచుకు కొట్టుకుని వంగిపోయింది. మామ ముందు నా వేళ్ళు లెక్కపెట్టాడు, తరువాత చెంప మీద ఒకటిచ్చాడు.

"ముందుగాల నాబు జూడాలె, ఎనుక తీగ జూడాలె. తీగ యాడికి పోదు!"

మీటరులో ఫ్యూజు, ఒక రెసిస్టరు కాలాయి. రెండూ మార్చి, ముల్లును చిమటాతో సరిచేశాడు. అయితే ఆనాటి నుంచి ఆ ముల్లు ఊరికే ఉన్నప్పుడు సున్నా మీద నిలవదు, రవ్వంత కుడికి జరిగి ఉంటుంది. ముఖం మీది చిన్న మరను తిప్పి ప్రతిసారీ సున్నాకు తేవాలి. 2011లో మామ పోయాక అత్తమ్మ దాన్ని నాకిచ్చింది.

బ్రిటిష్ పోస్టాఫీసు శాఖలో డొనాల్డ్ మకాడీ అనే ఇంజనీరు ఉండేవాడట. ఆంపియర్లకు ఒక మీటరు, వోల్టులకు ఒకటి, ఓములకు ఒకటి మోసి మోసి విసిగిపోయి మూడింటినీ ఒకే పెట్టెలో ఇమిడ్చాడు. 1923లో అది 'ఏవో' పేరుతో బజారుకొచ్చింది. నాకైతే ఆ పెట్టె మా డే బుక్కు, లెడ్జరు, క్యాష్ బుక్కు కలిపి కుట్టినట్టుంటుంది. ఏ పుస్తకంలో రాయాల్సింది ఆ పుస్తకంలోనే రాయాలి. ఓముల ఖాతాలో వోల్టులు రాస్తే ఏమవుతుందో నేను చూశాను. ఆంపియర్ల ఖాతాలో రాస్తే అంతకన్నా ఘోరం. ఆ ఖాతాలో మీటరంటే ఉట్టి తీగ కింద లెక్క, సరఫరాను నేరుగా షార్టు చేసినట్టే.

కుంభారి చేరేసరికి మేనల్లుడు తన కొత్త డిజిటల్ మీటరు తీసి సిద్ధంగా ఉన్నాడు. వాడు ఐ.టి.ఐ. పూర్తి చేయలేదు గానీ ఫోనులో వీడియోలు బాగా చూస్తాడు.

"మామా, ఎర్తు ఉన్నది, జెర బలం తక్కువున్నది. తొంబై చూపిస్తున్నది" అన్నాడు.

నేను ముందు ఫ్రిజ్జు, కూలరు, మిక్సీ అన్నిటి ప్లగ్గులూ తీయించాను. పొడి చెక్కపీట వేసుకుని రబ్బరు చెప్పులతో నిలబడ్డాను. మీటరు తీగలు వేలితో తడిమి చూశాను. ఎక్కడైనా తొడుగు చిట్లి రాగి కనిపిస్తే ఆ రోజుకు పని లేదు. ముల్లును సున్నాకు తెచ్చాను. నాబును ఏ.సి. వోల్టుల్లో 1000 మీద పెట్టాను. ఎంత ఉందో తెలియనప్పుడు పెద్ద అంకె నుంచి కిందికి దిగాలి. 230 అని తెలిశాక 250కి దించాను. నల్ల కడ్డీకి మొసలి క్లిప్పు తగిలించి, స్విచ్ కట్టేసి ఉండగానే న్యూట్రల్‌కు పట్టించాను. తరువాత ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నాను. ఇది డాబు కాదు. రెండు చేతులూ పెట్టినప్పుడు షాకు కొడితే కరెంటు ఒక చేతిలోంచి రెండో చేతికి గుండె మీదుగా పోతుంది. ఆ దారి మూయడానికే జేబు. తీసేటప్పుడు కూడా ఎర్ర కడ్డీ ముందు, నల్లది తరువాత.

ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 228. ముల్లు వెనకాల సన్నని అద్దం ఉంటుంది. ముల్లూ దాని నీడా ఒకటైనట్టు కనిపించేలా ఒంటికన్నుతో చూస్తేనే అంకె సరిగ్గా తెలుస్తుంది, పక్కనుంచి చూస్తే అయిదారు వోల్టులు తేడా వస్తుంది. ఇక ఫేజుకూ ఎర్తు రంధ్రానికీ మధ్య పెట్టాను. ముల్లు కదిలి నలభై లోపే ఆగిపోయింది. మళ్ళీ న్యూట్రల్‌తో చూస్తే 228. మీటరు బాగానే ఉంది. తెలిసిన చోట ముందొకసారి, తరువాత ఒకసారి చూసుకోకుండా "కరెంటు లేదు" అనే మాట అనకూడదని మామ నియమం.

మేనల్లుడి తొంబై ఏమిటంటే, ఎక్కడా తగలకుండా వేలాడే తీగ పక్కనున్న ఫేజు తీగ నుంచి పట్టుకున్న ఉత్తుత్తి వోల్టేజి. డిజిటల్ మీటరు దాదాపు ఏమీ తాగదు కాబట్టి ఆ ఉత్తుత్తిదాన్ని కూడా చూపిస్తుంది. ముల్లు మీటరు కొంచెం ఎక్కువ తాగుతుంది, అందుకని ఆ బుడగ కుంగిపోతుంది. అసలైన ఎర్తయితే రెండూ 230 దగ్గరే చూపించాలి. అలా చూపించినా ఎర్తు గట్టిదని పూచీ లేదు. బల్బు పెట్టి చూడటం, గొయ్యి పరీక్షించడం వైర్‌మన్ పని. నేను వైర్‌మన్‌ను కాను.

అంటే ఆ ఇంటి ఎర్తు తీగ భూమికి చేరడం లేదు. ఇల్లు ఇచ్చినప్పటి వైరింగ్ కాదది. తరువాత బావ వెనక రేకుల గది వేసుకుని ఎవరో దారిన పోయే మనిషితో లాగించుకున్నది. మరి ఫ్రిజ్జులోకి కరెంటు ఎక్కణ్ణించి వస్తోంది?

ఫ్రిజ్జు ప్లగ్గు బయటే ఉంది. ఇప్పుడు ఓముల వంతు. కడ్డీలు రెండూ కలిపి, పక్క చక్రం తిప్పి ముల్లును కుడి చివర సున్నాకు తెచ్చాను. ఓముల స్కేలు తిరగేసి ఉంటుంది, సున్నా కుడివైపు, అనంతం ఎడమవైపు. కొత్తలో నాకు డెబిట్, క్రెడిట్ తారుమారైనట్టుండేది. ప్లగ్గులో ఫేజు ముల్లుకూ ఎర్తు ముల్లుకూ మధ్య వెయ్యి రెట్ల రేంజిలో పెట్టాను. మీటరు ముల్లు కదల్లేదు. ఫ్రిజ్జు నిర్దోషి!

తరువాత కూలరు. ఇక్కడ చాలామంది పొరబడతారు. ప్లగ్గు బయట ఉన్నా కూలరు మీది స్విచ్‌లు ఆన్‌లో పెట్టి చూడాలి, లేకపోతే లోపలి పంపు దాకా మీటరు చేరదు. పంపు స్విచ్ వేయగానే స్కేలు మధ్యకు లేచి 20 దగ్గర నిలబడింది. ఇరవై వేల ఓములు. నీళ్ళలో మునిగి ఉండే చిన్న పంపు లోపల తడిసింది. దాంట్లోంచి కరెంటు కూలరు ఇనుప ఒంటికి, అక్కణ్ణించి భూమికి పోలేని ఎర్తు తీగలోకి, ఆ తీగ పట్టుకుని వంటింటి ఫ్రిజ్జులోకి. తప్పు కూలరుది, షాకు ఫ్రిజ్జుది.

అక్కడే అక్క బీడీల చాట వెనక ఒక లెక్క వేశాను. 228ని 20 వేలతో భాగిస్తే 11 మిల్లీ ఆంపియర్లకు పైనే. పది దాటితే పట్టుకున్న చెయ్యి విడిపించుకోలేని మనుషులుంటారు. అదీ ఆరిన పంపు లెక్క, ఒకటిన్నర వోల్టుల సెల్స్‌తో చూసిన లెక్క. నీళ్ళలో, 230 కింద ఇంకెంత దిగజారుతుందో మెగ్గరు పెడితే గానీ తెలియదు. మనుమడికి నాలుగేళ్ళు, ఇంట్లో చెప్పులు వేసుకోడు.

రాత్రి నిద్ర పట్టని కారణం చెబుతానన్నాను. 2008లో నేను ఒక శాఖలో చిన్న పరిశ్రమల అప్పులు చూసేవాణ్ణి. సాంచాలు తాకట్టు పెట్టుకుని అప్పిస్తాం, ఏడాదికి రెండుసార్లు వెళ్ళి చూసి రిపోర్టు రాస్తాం. ఒక కార్ఖానాకు జూన్‌లో వెళ్ళాను. సాంచాలు లెక్కపెట్టాను, నూలు నిల్వ చూశాను, అగ్ని బీమా తేదీ చూశాను. గోడ మీద స్విచ్‌బోర్డు మూత లేకుండా ఉంది. ఫ్యూజు చోట రాగి తీగ మెలిపెట్టి ఉంది. చూశాను. మామ శిష్యుణ్ణి, నాకు తెలియకపోవడం కాదు. రిపోర్టులో దానికి గడి లేదు. "ఆస్తులు సంతృప్తికరం" అని రాసి సంతకం పెట్టి, టీ తాగి వచ్చాను.

ఆగస్టులో వానకు ఆ షెడ్డు కురిసింది. రాత్రి పాళీలో కండెలు అందిస్తున్న కుర్రవాడు సాంచ ఇనుప చట్రం మీద చెయ్యి వేశాడు. పెళ్ళయి రెండేళ్ళు. మన మాట మాట్లాడేవాడే. పేరు రాయను. అప్పు మాత్రం వాయిదా తప్పకుండా తీరింది. నా రిపోర్టును ఎవరూ అడగలేదు, ఇప్పటికీ ఏ గోదాములోనో ఉండే ఉంటుంది. ఆ తరువాత తనిఖీకి వెళ్ళినప్పుడల్లా చట్రానికి ఎర్తు ఉందా అని అడిగేవాణ్ణి. కొందరు యజమానులు నవ్వేవారు. "సాహెబ్, మీరు బ్యాంకా, బిజిలీ ఆఫీసా?" అని ఒకరు అననే అన్నారు. మీటరు మాత్రం ఎప్పుడూ తీసుకెళ్ళలేదు. అది మామ అటక మీద ఉండేది, తరువాత నా అటక మీద.

సోమవారం లైసెన్సున్న వైర్‌మన్ వచ్చాడు. రేకుల గదికి లాగిన ఎర్తు తీగను పాత తీగతో కలపకుండా, టేపు చుట్టి గోడలో వదిలేసి ఉంది. దాన్ని కలిపి, గొయ్యి పరీక్షించి, 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పడితే తనంతట తానే పడిపోయే స్విచ్ కూడా బోర్డులో పెట్టాడు. పంపు కొత్తది మూడు వందల యాభై రూపాయలు. బావ ఆ స్విచ్ ఖరీదు విని కాసేపు గునిశాడు. తరువాత మనుమడితో దాని పరీక్ష బొత్తాం నొక్కించి, ఇల్లంతా చీకటి చేసి ఇద్దరూ నవ్వుకున్నారు.

మరుసటి ఆదివారం వెళ్ళేసరికి అక్క గుమ్మం ముందు నాలుగు కూలర్లు, ఒక గ్రైండరు, ఒక ఇస్త్రీ పెట్టె వరసగా ఉన్నాయి. వాటి పక్కనే చాటలు ఒళ్ళో పెట్టుకుని ఆడవాళ్ళు బీడీలు చుడుతున్నారు.

"మా తమ్ముడు బ్యాంకు ఆఫీసరు, ముల్లు పెట్టి చెప్తడు" అని అక్క అందరికీ చెప్పేసింది.

మీటరు తీసి కడ్డీలు రెండూ కలిపాను. చక్రం చివరిదాకా తిప్పినా ముల్లు సున్నాకు రాలేదు. సెల్స్ అయిపోయాయి. మూల దుకాణానికి మేనల్లుణ్ణి పంపి, కూలర్ల ప్లగ్గులన్నీ తీసే ఉన్నాయా అని ఒక్కొక్కటీ చూస్తూ కూర్చున్నాను.