పొరుగింటి బువాబో

మావారి ఉద్యోగం పుణ్యమా అని 2010లో ఫిన్లాండ్ వెళ్లాం. ఊరి పేరు యొయెన్సూ. దేశానికి తూర్పు చివర, రష్యా సరిహద్దుకు దగ్గర్లో ఉంటుంది. మేం దిగేసరికి జనవరి. బయట మైనస్ ఇరవై డిగ్రీలు. ఆయన పొద్దున వెళితే చీకటి పడ్డాకే రావడం. అలాగని పెద్ద ఆలస్యమేం కాదు, అక్కడ మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడుతుంది మరి! మాట్లాడటానికి మనిషి లేక గోడలు చూస్తూ కూర్చునేదాన్ని.

ఎదురు ఫ్లాట్‌లో ఎనభైకి దగ్గరపడ్డ ఓ పెద్దావిడ ఒంటరిగా ఉండేది. ఒకరోజు తలుపు తట్టి, నా చేతిలో ఓ ప్లేటు పెట్టి వెళ్లిపోయింది. అందులో కోలగా ఉన్న చిన్న చిన్న రొట్టెలు. రై పిండిని పల్చగా ఒత్తి, మధ్యలో పాలల్లో ఉడికించిన అన్నం పెట్టి, అంచులు ముడతలుగా నొక్కి కాల్చినవి. ఆ ముడతలు చూస్తే మా ఇంట్లో చేసే గరిజెలు గుర్తొచ్చాయి. కజ్జికాయలంటే మీకు తెలుస్తుందేమో. మర్నాడే వాళ్లింటికి వెళ్లి నేర్పమన్నాను.

అలా మొదలైంది మా స్నేహం. ఆమెకు ఇంగ్లిష్ రాదు. నాదేమో సాయంత్రం క్లాసులో నేర్చుకుంటున్న వచ్చీరాని ఫిన్నిష్. కానీ పిండి కలుపుతున్నప్పుడు ఆమె నోట వేరే మాటలు దొర్లేవి. క్లాసులో నేలను 'మా' అంటే, ఆమె 'మువా' అనేది. నీళ్లను 'వెసి' అనకుండా 'వెజి' అనేది. ఆ రొట్టెలను దుకాణాల్లో 'పీరక్క' అంటారు. ఆమె మాత్రం గొంతు తగ్గించి 'కలిత్త' అనేది. గిన్నె అందిస్తే 'పస్సిబో' అనేది.

ధన్యవాదాలు చెప్పడానికి అదీ ఓ పద్ధతి కాబోలనుకుని మర్నాడు క్లాసులో 'పస్సిబో' అన్నాను. టీచర్ నవ్వేసింది. "అది రష్యన్ మాట, మనం 'కీటోస్' అనాలి" అంది. ఎదురింటావిడ అంటుందని చెప్తే, "ఓ, కరేలియన్! అది మా భాషకే ఓ పాత యాస. నువ్వు మంచి ఫిన్నిష్ నేర్చుకో" అంది.

సాయంత్రం సరదాగా ఈ సంగతి చెప్పాను. ఆమె మాత్రం నవ్వలేదు. పిండి చేతులు తుడుచుకుని, "ఈ మాటలు బయటెక్కడా అనకు అమ్మాయీ. నిన్ను కూడా నవ్వుతారు" అంది.

ఆ 'కూడా' దగ్గర ఆగిపోయాను.

ఆమె పుట్టింది సుయిస్తమోలో. లడోగా సరస్సుకు ఉత్తరాన ఉన్న పల్లెసీమ అది. 1939 నవంబరులో యుద్ధం వచ్చినప్పుడు ఆమెకు ఎనిమిదేళ్లు. 1944 తర్వాత ఆ ప్రాంతమంతా సోవియట్ యూనియన్‌కు పోయింది. ఆ యుద్ధాల్లో నాలుగు లక్షల మందికి పైగా ఇళ్లూ పొలాలూ వదిలి ఫిన్లాండ్ లోపలికి వచ్చేశారు. వాళ్లలో ఎక్కువమంది తూర్పు ఫిన్నిష్ యాసలు మాట్లాడేవాళ్లు. ఈమె వాళ్లలాంటి సరిహద్దు పల్లెల జనం మాత్రం కరేలియన్ మాట్లాడేవారు. పైగా ఆర్థడాక్స్ క్రైస్తవులు. చుట్టూ ఉన్నవాళ్లేమో లూథరన్లు.

"బడిలో నోరు విప్పితే 'ర్యూస్సా' అనేవాళ్లు" అంది. రష్యావాళ్లను తిట్టే మాట అది. ఏ దేశం బాంబులకు భయపడి ఇల్లు వదిలి వచ్చారో, ఆ దేశం పేరుతోనే తిట్టడం! చాలా కుటుంబాలు ఇంటిపేర్లు మార్చుకున్నాయి. ఈమె ఒక్క ఏడాదిలో ఫిన్నిష్ నేర్చేసుకుంది. పిల్లలు పుట్టాక వాళ్లతో ఒక్క ముక్క కరేలియన్ మాట్లాడలేదు. "వాళ్లయినా హాయిగా ఉండాలని" అంది.

ఊరి లైబ్రరీలో కూర్చుని నాకు చేతనైనంత చదివాను. కరేలియన్, ఫిన్నిష్, ఎస్తోనియన్, వెప్స్, లివోనియన్... ఇవన్నీ ఒక తల్లి పిల్లలు. చేపను దాదాపు అందరూ 'కల' అనే అంటారు. కరేలియన్‌కు మళ్లీ తన యాసలున్నాయి. ఉత్తరాన వియెనా వాళ్లది ఒక తీరు, దక్షిణాన ఇంకో తీరు, ఒలోనెట్స్ వైపు లివ్వి. లూద్‌ను కొందరు యాస అంటారు, కొందరు వేరే భాషే అంటారు. 1617లో సంధి జరిగి వాళ్ల నేల స్వీడన్ చేతికి పోయాక, బోలెడుమంది కరేలియన్లు దూరాన మాస్కో దగ్గరున్న త్వేర్ ప్రాంతానికి తరలిపోయారు. నాలుగు వందల ఏళ్లయినా అక్కడ ఆ భాష పూర్తిగా పోలేదు.

ఇంకో సంగతి చదివి ఆశ్చర్యపోయాను. ఈ భాషల్లో దొరికిన అతి పాత రాత 13వ శతాబ్దానిది. 1957లో నొవ్‌గొరొద్ తవ్వకాల్లో, భూర్జ చెట్టు బెరడు మీద దొరికింది. అందులో కరేలియన్ పోలికలున్నాయంటారు పండితులు. ఫిన్నిష్‌లో తొలి పుస్తకం అచ్చయింది 1543 ప్రాంతంలో. ఫిన్లాండ్ జనం నెత్తిన పెట్టుకునే 'కలెవాల' కావ్యం ఉంది కదా, ఎలియాస్ లోన్‌రోత్ అనే డాక్టరు ఊరూరా తిరిగి పాటలు సేకరించి 1835లో తొలిసారి అచ్చు వేసింది... అందులో ఎన్నో పాటలు వియెనా కరేలియా పల్లెల్లో విన్నవే. పాటలేమో దేశానికి గర్వకారణం, పాడినవాళ్ల భాషేమో యాస!

ఇదంతా చదివి ఎవరి మీదో కోపం తెచ్చుకుందామనుకున్నాను. కానీ గుర్తొచ్చింది మా బాపమ్మ.

మాది కరీంనగర్ దగ్గర పల్లె. ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో వేశారు. నేను 'గట్ల', 'గిట్ల' అంటే చాలు, గదిలో అందరూ పకపకా నవ్వేవాళ్లు. రెండు నెలల్లో నా మాట మార్చేసుకున్నాను. ఓ ఆదివారం మా బాపమ్మ సర్వపిండి మూట కట్టుకుని బస్సెక్కి వచ్చింది. "ఏం బిడ్డా, బక్కగైనవ్, మంచిగ తింటలేవా?" అంది గది గుమ్మంలోనే, గట్టిగా. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఆమె చెయ్యి పట్టుకుని, "ఇక్కడ మాట్లాడకు, కిందికి పోదాం దా" అని లాక్కెళ్లాను. ఆమెకు అర్థమైంది. తర్వాత రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ గేటు దగ్గరే కూర్చుని, నన్ను చూసి నవ్వి, మూట ఇచ్చి వెళ్లిపోయింది. ఒక్క మాట మాట్లాడలేదు. 2006లో పోయింది.

పెద్దావిడకు ఇది చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ఒకరోజు ఆమే అడిగింది, మీ భాషలో నాన్నవాళ్ల అమ్మను ఏమంటారని. "మా ఇంట్లో బాపమ్మ" అన్నాను. ఆమె కళ్లు మెరిశాయి. "మేం బువాబో అంటాం!" అంది. కాకతాళీయమే అయినా, ఆ రోజు నుంచి నేను ఆమెను బువాబో అనే పిలిచాను. తర్వాత కథంతా చెప్పాను. ఆమె ఓదార్చలేదు, తప్పూ పట్టలేదు. "నా పిల్లల నోరు నేనే మూశాను. నువ్వు చిన్నపిల్లవి" అంది, అంతే.

2009 చివర్లో ఫిన్లాండ్ కరేలియన్‌ను ఓ అల్పసంఖ్యాక భాషగా గుర్తించింది. ఆ ఊరి యూనివర్సిటీలోనే కరేలియన్ బోధిస్తున్నారు. బువాబోకి చెప్తే, "మంచిదే. కానీ నేను ఎవరితో మాట్లాడను?" అంది. రష్యాలో 2010 లెక్కల ప్రకారం కరేలియన్ వచ్చినవాళ్లు పాతికవేల మంది. తర్వాతి లెక్కల్లో ఇంకా తగ్గారు. 2013లో మేం తిరిగొచ్చేశాం. లివోనియన్‌ను తల్లిభాషగా ఎరిగిన చివరి మనిషి కెనడాలో కన్నుమూసింది ఆ ఏడాదే.

బయల్దేరే ముందురోజు బువాబో, "మీ బాపమ్మ మాట ఒకటి వినిపించు" అంది. గొంతు సవరించుకుని, "ఏం బిడ్డా, ఎట్లున్నవ్, బువ్వ తిన్నవా?" అన్నాను. ఇన్నేళ్లకు, బయటి మనిషి ముందు. ఆమె దాన్నే తన యాసలో రెండుసార్లు పలికింది. నాకు ఏడుపాగలేదు.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి స్నేహితులొస్తే సర్వపిండి చేస్తాను. "తినుండ్రి బిడ్డా" అంటే ఒకరిద్దరు మొహమొహాలు చూసుకుని నవ్వుతారు. నవ్వనీ. మా అమ్మాయి మాత్రం ఇంతవరకు నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లలేదు.