హేజెల్‌నట్ ఇంత బావుంటుందా!

చాక్లెట్‌లో పంటికింద తగిలే పలుకుగా తప్ప హేజెల్‌నట్‌ని నేనెప్పుడూ విడిగా తినలేదు. ఈ అక్టోబరులో ఒరెగాన్‌లోని విల్లామెట్ లోయలో, ఓ తోట దగ్గర పెంకుతో సహా అమ్ముతుంటే ఓ సంచీ కొన్నాను. అమెరికాలో పండే హేజెల్‌నట్లు దాదాపు అన్నీ ఈ ఒక్క రాష్ట్రానివే. పండిన కాయలు వాటంతటవే నేలరాలతాయి, యంత్రంతో ఊడ్చి ఎత్తుకుంటారు.

ఒక్కోటీ కుంకుడుకాయంత ఉంది. పెంకు పగలగొట్టి, పప్పుల్ని మూకుట్లో సన్నసెగ మీద వేయించాను. కాసేపటికి గోధుమరంగు పొట్టు చిట్లి, లోపల మీగడ రంగు తొంగిచూసింది. అబ్బ, ఆ కమ్మటి వాసన! నోట్లో వేసుకుంటే ముందు కరకర, ఆ వెంటనే వెన్న, నమిలేకొద్దీ తీపి. ఉప్పూ అక్కర్లేదు, చక్కెరా అక్కర్లేదు.

ఇక పోషకాల లెక్క చూశాక నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పెద్దవాళ్లకు రోజుకు 15 మిల్లీగ్రాముల విటమిన్ ఇ కావాలి. గుప్పెడు పప్పుల్లో, అంటే 28 గ్రాముల్లో, అందులో పావు వంతు పైనే దొరుకుతుంది! ఒంటికి కావలసిన రాగి సగం దాకా అందుతుంది. మాంగనీసైతే ఆడవాళ్లకు ఇంచుమించు రోజంతటికీ సరిపోతుంది. ఇంత చిన్న గింజలో ఇన్నా!

బరువులో సగానికి పైగా కొవ్వే, నిజమే. కానీ అందులో ముప్పాతిక వంతు ఆలివ్ నూనెలో ఉండే ఓలిక్ ఆమ్లం, గుండెకు మేలు చేసే రకం. విటమిన్ ఇ ఒంటికి పట్టాలంటే కొవ్వు తోడుండాలి కదా, ఆ తోడుని ఈ పప్పు తనతోనే తెచ్చుకుంది! గుప్పెడికి 180 క్యాలరీల దాకా వస్తాయి కాబట్టి జంతికలకు బదులు తినాలి, జంతికలతో పాటు కాదు. గింజపప్పులు పడనివాళ్లు మాత్రం దీని జోలికి పోకూడదు.

వేయించాక గుడ్డలో వేసి రుద్ది పొట్టు తీసేస్తారు చాలామంది. దయచేసి తీయకండి! కాస్త వగరుగా ఉన్నా, పాలీఫినాల్స్ ఎక్కువగా ఉండేది ఆ పొట్టులోనే.

ప్రపంచంలో పండే హేజెల్‌నట్లలో సగానికి పైగా టర్కీవి, అందులోనూ నల్లసముద్రం ఒడ్డున ఓర్దు, గిరెసున్ ప్రాంతాలు పేరుమోసినవి. అక్కడి పప్పు తిన్నవాళ్లెవరైనా ఉంటే రుచి ఎలా ఉంటుందో నాకు తప్పకుండా చెప్పండి!